మూడుసార్లు నిశ్శబ్దం

హైమవతి సూదిని స్పిరిట్‌తో తుడిచి, జోగినాథ్ కుడికాలి బొటనవేలి దగ్గర మొదలుపెట్టింది. గుచ్చడం, తెలిసిందా అని అడగడం, అతను లేదనడం, నాలుగు వేళ్ళ మేర పైకి జరగడం. మడమ, పిక్క, మోకాలు, తొడ. పదకొండేళ్ళుగా ఈ పనిని ఆమె మేకల మీద చేస్తూ వచ్చింది. మేకలు మాట్లాడవు కాబట్టి చర్మం అదిరిందా లేదా అని కళ్ళు చిట్లించి చూసేది. మొగుడు మాట్లాడతాడు కాబట్టి ఆ శ్రమ లేదు, వింటే చాలు.

బొడ్డు దాటాక, ఛాతీకి రెండు అంగుళాల కింద అతను "ఆఁ, ఇక్కడ" అన్నాడు. నిన్నటి గీత అక్కడే ఉంది. మొన్నటిదీ అక్కడే ఉంది. ఆమె నీలం పెన్నుతో దాని మీదే మళ్ళీ గీసింది. పన్నెండు రోజులుగా గీస్తూ ఉంటే ఆ గీత మొలతాడంత లావైంది తప్ప వెంట్రుకవాసి కూడా కిందికి దిగలేదు.

దిగిందా అని అతను అడగలేదు. కాఫీ ఉందా అని అడిగాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టింది. ఏడుపు రావాలి. రావాలని తనకు తెలుసు. ఒకటి రెండుసార్లు స్నానాల గదిలో తలుపు వేసుకుని కూర్చుని ప్రయత్నించి కూడా చూసింది. పన్ను పీకడానికి ముందు మత్తు సూది ఇచ్చిన చిగురులా ఉంది లోపలంతా. ఉన్నదనీ తెలుస్తుంది, తనదనీ తెలుస్తుంది, కొరికినా ఏమీ కాదు. పాలు పొంగుతుంటే కాసేపు అలా చూసి, తర్వాత గుర్తొచ్చి మంట తగ్గించింది.

నీటికాకి సంగతి ఆ తీరంలో ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. నీళ్ళ మీద వాలే నాలుగు సీట్ల చిన్న విమానం అది. పడవ మునిగిందని కబురు రాగానే భీమిలి ఒడ్డున ఉన్న షెడ్డు నుంచి లేస్తుంది. పైలట్ అక్కడికి వెళ్ళి నీటి మీద దించి, ఇంజను ఆపి, లంగరు వేసి, గాలి సిలిండరు వీపుకు కట్టుకుని తనే దూకుతాడు. దొరికినవాళ్ళను పైకి లాగి, విమానంలో పడుకోబెట్టి, తనే ఆసుపత్రికి ఎగురుతాడు. దూకేవాడొకడు, నడిపేవాడొకడు ఉంటే బాగుండేది కానీ, ఇద్దరు వెళ్తే ఒక ప్రాణానికి చోటు తగ్గిపోతుంది.

చిక్కల్లా నత్రజనితోనే. లోతులో పీల్చిన గాలిలోని నత్రజని నీటి ఒత్తిడికి రక్తంలోనూ కొవ్వులోనూ కరిగి కూర్చుంటుంది. మునిగినవాడు మెల్లగా పైకొచ్చి, ఒడ్డున కాళ్ళు చాపుకుని కబుర్లు చెప్పుకుంటూ ఉంటే ఊపిరితోపాటు అదే వెళ్ళిపోతుంది. అలా కాకుండా వెంటనే ఆకాశంలోకి లేచాడా, పైన ఒత్తిడి తక్కువ గనుక, గోళీ కొట్టిన సోడాలా ఒళ్ళంతా బుడగలు లేస్తాయి. కీళ్ళలో లేస్తే నొప్పి. వెన్నుపాములో లేస్తే మంచం. అందుకే ఈతచెప్పులు విప్పినవాడు పద్దెనిమిది గంటలు విమానం ఎక్కకూడదని ఈ పనిలో ఉన్నవాళ్ళంతా పాటించే నియమం. కొన ఊపిరితో ఉన్న మనిషిని పక్కన పెట్టుకుని పద్దెనిమిది గంటలు ఎవరు కూర్చోగలరు?

ఆ ప్రశ్నకు హైమవతి ఇచ్చిన జవాబు పేరు తేట. ముక్కుతో పీల్చుకునే మందు. అరగంటలో అది రక్తంలోకి దిగి, నత్రజనిని ఏరుకుని, ఊపిరితిత్తుల దాకా మోసుకుపోయి బయట పారేస్తుంది. అలా పారేస్తుందనే ఆమె రాసింది, అలా పారేస్తుందనే అందరూ నమ్మారు. ప్రయోగశాలలో మేకలను ఉక్కుగదిలో పెట్టి సముద్రపు లోతు ఒత్తిడికి దించి, వెంటనే నీటికాకి ఎగిరే ఎత్తుకు తీసుకొచ్చేవారు. మందు లేని మేకలు ముందుకాలు పైకెత్తి కుంటేవి. మందు పీల్చిన మేకలు కుంటలేదు సరికదా, ఒకటి గదిలోంచి దూకి వచ్చి డైరెక్టరుగారి చేతిలోని ఫైలు సగం నమిలేసింది. ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఫైలుకు ఫ్రేము కట్టించి గోడకు పెట్టారు కూడా.

మేకల తర్వాత మనుషులు. మనుషుల దగ్గర కాలు కుంటేదాకా ఆగకూడదు కదా, ముందే తెలియాలి. అందుకు తవిటయ్య చెవి కావలసి వచ్చింది.

తవిటయ్య హైమవతి తండ్రి. జలాంతర్గామిలో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని సముద్రాన్ని వినడమే ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన ఉద్యోగం. రొయ్యల చిటపటలోంచి మైళ్ళ దూరపు ఓడ చప్పుడు వేరు చేసి చెప్పేవాడని, ఆయన విన్నాక కెప్టెన్లు ఇంకెవరినీ అడిగేవారు కాదని చెప్పుకుంటారు. రక్తంలో బుడగలు పోతుంటే గుండె చప్పుడు సందుల్లో చిటచిటమంటాయి. దాన్ని పట్టుకోవడానికి ఒక యంత్రం కొన్నారు. అది గుండె కవాటాల టకటకను కూడా బుడగలే అనుకుని బాగానే ఉన్నవాళ్ళను కూడా ఆపేసేది. తవిటయ్యను ఒకరోజు ఊరికే వచ్చి వినమన్నారు. ఆయన విని, తల అడ్డంగా ఊపి, యంత్రాన్ని మూల పెట్టించాడు.

అప్పటి నుంచీ అదే పద్ధతి. నీళ్ళలోంచి వచ్చిన పైలట్ తేట పీల్చి, అరగంట ఆగి, చప్పుడు పట్టే రూపాయి బిళ్ళంత గ్రాహకాన్ని ఛాతీ మీద అంటించుకుంటాడు. ఆ చప్పుడు రేడియోలో భీమిలి షెడ్డుకు వస్తుంది. తవిటయ్య తన కుర్చీలో కళ్ళు మూసుకుని గుండె దగ్గర ఒక నిమిషం, గొంతు కింద ఒక నిమిషం, భుజం దగ్గర ఒక నిమిషం వింటాడు. ఒక్కోచోట విన్నాక, జలాంతర్గామిలో చెప్పిన అలవాటునే, "నిశ్శబ్దం" అంటాడు. మూడుసార్లు అంటేనే పైలట్ ఇంజను తాళం తిప్పాలి. మందు ఇంకా తయారీలో ఉన్న రోజుల్లో ఒకసారి జోగినాథ్‌కు మూడోది రాలేదు. "సిటపట ఉంది బాబూ, కూకో" అన్నాడాయన. గంట తిరక్కుండా జోగినాథ్ భుజం పట్టుకుని మూలిగాడు. ఆ తర్వాత ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోలేదు. ఊడ్చే మనిషి కూడా దాన్ని తప్పించి ఊడ్చేది.

ఏడాదిన్నరలో అరవై ఒక్క ఎగురుళ్ళు. డెబ్భై నలుగురు బతికారు.

అరవై ఒకటోది జోగినాథ్‌ది. ఏజెన్సీ కొండల మీది జలాశయంలో పెళ్ళివారి లాంచి తిరగబడింది. లాంచి అంచుకు చిక్కుకుని స్పృహ తప్పిన ఇద్దరిని, పెళ్ళికొడుకు మేనమామను, ఒక వంటావిడను, అతను మొదట విమానంలోకి చేర్చాడు. కింద ఇంకా ఎవరైనా ఉన్నారేమోనని మూడుసార్లు అడుగుదాకా దిగాడు. ఇరవై ఎనిమిది మీటర్లు. బతికినవాళ్ళెవరూ కింద లేరు. పైకి వచ్చి తేట పీల్చి, ఛాతీకి బిళ్ళ అంటించుకున్నాడు.

హైమవతి అప్పుడు షెడ్డులోనే ఉంది, చేతిలో టీ గ్లాసుతో తండ్రి కుర్చీ వెనక నిలబడి. మూడు నిమిషాలు, మూడు నిశ్శబ్దాలు. తవిటయ్య కళ్ళు తెరిచి, అల్లుడు ఆకలి మీద ఉంటాడు, బేగి కూర వండమని చెప్పు అన్నాడు.

సముద్రం మీద అయితే నీటికాకి వెయ్యి అడుగులకు మించి ఎగరదు. ఆ రోజు కొండలు దాటాలి గనుక ఆరువేల అడుగులు ఎక్కింది. పద్నాలుగు నిమిషాలకు రేడియోలో జోగినాథ్ గొంతు వచ్చింది. కంగారు లేదు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో అని అడిగినట్టు అడిగాడు.

"హైమా, నా కాళ్ళు కనిపిస్తున్నాయి గానీ తెలియట్లేదు."

విమానాన్ని అతను చేతులతో మాత్రమే దించాడు. విమానం కింద నీళ్ళ మీద తేల్చే తొట్టి ఒకటి విరిగింది. మేనమామా వంటావిడా ఇద్దరూ బతికారు, వంటావిడ మొన్న వచ్చి సున్నుండలు ఇచ్చి వెళ్ళింది. జోగినాథ్‌ను ఒత్తిడి గదిలో తొమ్మిది గంటలు ఉంచారు. గీత ఛాతీ కింద ఆగిపోయింది.

పదమూడో రోజు, శనివారం సాయంత్రం, ఆఫీసు నుంచి విచారణ ముసాయిదా వచ్చింది. సోమవారం సుభాషిణి అనే అధికారిణి స్వయంగా వచ్చి దాన్ని ఖాయం చేస్తుందట. హైమవతి దాన్ని వసారాలో కూర్చుని, జోగినాథ్ మంచం వైపు తలుపు తెరిచి ఉంచి, గట్టిగా చదివింది. మూడోసారి పైకి వచ్చేటప్పుడు పైలట్ తొందరపడి ఉండవచ్చు, లేదా మందు పూర్తి మోతాదు పీల్చకపోయి ఉండవచ్చు. మందులో లోపం లేదు, వినికిడి పరీక్షలో లోపం లేదు. మిగతా ఐదుగురు పైలట్లు యథాప్రకారం ఎగరవచ్చు.

జోగినాథ్ రాసుకోనీ అన్నాడు. కోపంతో అనలేదు. అతనికి కూడా ఆ చిగురు వ్యవహారమే నడుస్తోందని ఆమెకు తెలుసు.

తవిటయ్య పడక కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. అల్లుడి మీద నింద వేసినందుకు ముఖం ముడుచుకున్నాడు. వాన వెలిసి పెరడంతా తడిగా ఉంది. మునిచీకటి పడే వేళకు చెట్ల మొదళ్ళలో కీచురాళ్ళు అందుకున్నాయి. ఒకటీ రెండూ కాదు, గోడ అవతలి నుంచి మెట్ల దాకా చెవులు గింగురుమనేలా ఒకటే మోత.

"ఈ యేడు కూడా కీసురాళ్ళు లేవేటమ్మా" అన్నాడు తవిటయ్య. "పొలాల్లో మందులు కొట్టీసి సంపీసినట్టున్నారు."

కూడా. హైమవతి కాగితాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. నిరుడు కార్తీకంలో ఇదే వసారాలో, ఇదే కుర్చీలో, ఇదే మాట అన్నాడు. అప్పుడు పెరడు ఇలాగే మోగుతోంది. ఆమె తండ్రి ముఖంలోకి చూసి, పెద్దవాడయ్యాడు కదా అనుకుని, అవును నాన్నా అంది. తర్వాత మార్చిలో ఏటా చేయించాల్సిన చెవి పరీక్ష వచ్చింది. నా సెవికి పరీక్షేటమ్మా అని ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. పాత కాగితం పక్కన పెట్టుకుని, నిరుటి అంకెలే ఈ యేడు కాగితంలో దించి, కింద సంతకం చేసింది. పరీక్షకు వెళ్తే నాలుగు గంటల పని, నాన్న నొచ్చుకుంటాడు, ఎలాగూ ఫలితం తెలిసిందే. ఇన్ని కారణాలు కూడా అప్పుడు అనుకోలేదు, చేయి తనంతట తనే రాసేసింది.

ఆమె అవును నాన్నా అనలేదు ఈసారి. లేచి లోపలికి వెళ్ళింది.

ఆదివారం పొద్దున్నే షెడ్డుకు వెళ్ళి తలుపు తీసింది. తండ్రి కుర్చీలో మొదటిసారి కూర్చుంది. హెడ్‌ఫోన్ మెత్తలు ఆయన చెవుల ఆకారానికి నొక్కుకుపోయి, తలనూనె వాసన వేస్తున్నాయి. అరవై ఒకటో ఎగురుడు రికార్డింగ్ పెట్టింది. జోగినాథ్ గుండె చప్పుడు, నెమ్మదిగా, నిబ్బరంగా. సందుల్లో చిటచిట లేదు. తండ్రి విన్నది నిజమే. కానీ చప్పుడు పైన, ఎక్కడో సన్నగా, దోమ చెవి మీద వాలబోయే ముందు వచ్చే ఈల లాంటిది ఉంది. ఆగకుండా ఉంది. యంత్రం కూతేమోనని మందు వాడని రోజుల రికార్డింగ్ పెట్టింది. అందులో లావుపాటి చిటపట ఉంది, ఈల లేదు. మళ్ళీ మందు వాడినది పెట్టింది. ఈల.

మధ్యాహ్నం దాకా కూర్చుని అరవై ఒకటీ విన్నది. అన్నింటిలోనూ ఉంది. తేట నత్రజనిని బయట పారెయ్యలేదు. బుడగలను పిండి కొట్టినట్టు సన్నగా నలగ్గొట్టి లోపలే ఉంచింది. లావు బుడగలు లావుగా మోగుతాయి, సన్నవి సన్నగా మోగుతాయి, అంతే తేడా. వెయ్యి అడుగుల ఎత్తులో ఆ పిండి ఎవరినీ పడగొట్టలేదు, మేకలనూ పడగొట్టలేదు. నరాల్లో కొంచెం కొంచెంగా పేరుకుంటూ ఉంది. ఆరువేల అడుగుల దగ్గర ఒక్కసారిగా పొంగింది. పైలట్ కామేశు ఈ మధ్య చొక్కా గుండీలు భార్య చేత పెట్టించుకుంటున్నాడని అందరూ ఆటపట్టించడం ఆమెకు గుర్తొచ్చింది. ఎగిరేముందు నింపే కాగితంలో నొప్పి ఉందా అనే ఒక్క ప్రశ్నే ఉంది. నొప్పి లేదు కాబట్టి కామేశు లేదని రాశాడు. ఆ ప్రశ్న రాసింది కూడా తనే.

తన మందు చేసిన చప్పుడు సరిగ్గా తన తండ్రి చెవి అందుకోలేని చోట మోగింది. ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి ఎవరిని కూర్చోబెట్టినా మొదటి రోజే ఇదేమిటి ఈల అని అడిగేవాడు.

ఐదుగురికీ ఫోన్ చేసి, తను మళ్ళీ చెప్పేదాకా పద్దెనిమిది గంటల నియమమే అని చెప్పింది. తర్వాత డైరెక్టరుకు చేసింది. ఆయన అంతా విని, ఆ ఈల విన్నది ఎవరు అని అడిగాడు. నేనే అంది. మీ నాన్నగారికి వినపడలేదా అన్నాడు. తర్వాత, భర్త మీద మాట పడకుండా భార్య చెప్తోందని అంటారమ్మా, ఆయన చెవి బాగుందని సంతకం పెట్టింది నువ్వే కదా అన్నాడు. రేపు సుభాషిణి గారి ఎదుట ఏ సంగతీ తేలకపోతే మంగళవారం నుంచి మామూలుగా ఎగురుతారని కూడా చెప్పాడు.

ఆ సాయంత్రమే పూడిమడక అవతల మరబోటు తిరగబడింది. కామేశు వెళ్ళాడు, దిగాడు, ఒక మనిషిని పైకి తీశాడు. మాట ప్రకారం తిరిగి ఎగరలేదు. వేరే పడవ వచ్చి ఆ మనిషిని ఎక్కించుకుని ఒడ్డుకు వచ్చేలోపు ప్రాణం పోయింది. ఫోన్‌లో ఆ సంగతి చెప్పి కామేశు చాలాసేపు పెట్టెయ్యలేదు. హైమవతి అతని ఊపిరి వింటూ నిలబడింది. ఆ చనిపోయినవాడి పేరు అడగాలని తోచింది గానీ అడగలేదు.

జోగినాథ్‌కు అన్నం కలిపి పెడుతూ అన్నీ చెప్పింది. కీచురాళ్ళ సంగతి, మార్చి కాగితం సంగతి కూడా. అతను ముద్ద నమలడం ఆపి పైకప్పు వైపు చూశాడు. ఆమె మీద కోప్పడతాడేమో అనుకుంది. కోప్పడితే బాగుండుననుకుంది.

"మావయ్యకి చెప్పకు" అన్నాడు.

"రేపు ఆవిడ ఎదుట తేలాలి."

"నేనే తొందరపడి పైకొచ్చానని రాసిస్తాను. ఆయన చేతుల మీదుగా నేనిలా అయ్యానని తెలిస్తే ఆయన బతకడు హైమా. నాకు పోయేదేముంది ఇప్పుడు?"

"నీకు పోదు. మంగళవారం కామేశు ఎగురుతాడు. కొండల మీదికే వెళ్ళమంటారేమో."

అతను ముద్ద మింగి, ఇంకొంచెం మజ్జిగ పొయ్యి అన్నాడు. ఒప్పుకున్నాడని ఆమెకు అర్థమైంది.

సుభాషిణి యాభై ఏళ్ళ మనిషి, నేతచీర, తక్కువ మాటలు. హైమవతి ఆవిడకు ముందుగా సంగతి చెప్పింది, తన సంతకం ఉన్న కాగితం కూడా చేతికిచ్చింది. ఆవిడ అది రెండుసార్లు చదివి, మడిచి సంచిలో పెట్టుకుంది. తవిటయ్య గారిని తన ఎదుట వినమంటే చాలు, ఇంకేమీ చెప్పవద్దు అంది.

తవిటయ్య ఆ రోజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. అల్లుడి మీద పడ్డ నింద తీసెయ్యడానికే తనను పిలిచారనుకున్నాడు. కుర్చీలో కూర్చుని, హెడ్‌ఫోన్ తొడుక్కునే ముందు అధికారిణితో, మా అల్లుడు తొందరపడే మనిసి కాడమ్మా, ఇంటే మీకే తెలుస్తాది అన్నాడు. హైమవతి అరవై ఒకటో రికార్డింగ్ పెట్టి, చప్పుడు బయటి స్పీకరుకు కూడా కలిపింది.

ఈల గదంతా నిండింది. సుభాషిణి అప్రయత్నంగా చెవి దగ్గర దోమను తోలినట్టు చేయి ఆడించింది. వెంటనే ఆ చేతిని దించేసుకుని, ఒళ్ళో రెండో చేత్తో పట్టుకుంది.

తవిటయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు. ముఖం ప్రశాంతంగా ఉంది. నిమిషం గడిచింది.

"నిశ్శబ్దం" అన్నాడు.

రెండో నిమిషం. "నిశ్శబ్దం."

మూడోదాని దాకా పోకుండా ఆపమని సుభాషిణి కళ్ళతో అడిగింది. హైమవతి ఆపలేదు. మధ్యలో ఆపితే ఆయన తర్వాత ఏదో పొరపాటు జరిగిందనుకుంటాడు, తన చెవి మీద రావలసిన అనుమానం మరొకరి మీదికి పోతుంది. పూర్తిగా తెలియాలి. ఆ నిమిషం ఆమె జీవితంలో అన్నిటికంటే పొడుగైనది, అందులో కూడా ఆమెకు ఏమీ అనిపించలేదు.

"నిశ్శబ్దం" అని తవిటయ్య కళ్ళు తెరిచాడు. నవ్వబోయాడు. ఎదుట ఇద్దరి ముఖాలు కనిపించాయి. ముప్ఫై ఏళ్ళు చప్పుడుతోనే బతికిన మనిషి గనుక ఆ గదిలో మాట లేకపోవడాన్ని ఆయన తొందరగానే విన్నాడు. స్పీకరు వైపు చూశాడు. దాని మీద ఎర్ర దీపం వెలుగుతోంది. లేచి వెళ్ళి దాని జాలీకి అరచేయి ఆనించి కాసేపు నిలబడ్డాడు.

"ఇందులో ఏటుందమ్మా?"

"ఈల" అంది హైమవతి. "కీచురాళ్ళలా."

ఆయన హెడ్‌ఫోన్ తీగను మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టలు చుట్టాడు, నౌకాదళంలో డ్యూటీ దిగేటప్పుడు చుట్టినట్టు, ఒక్క మెలిక లేకుండా. దాన్ని కుర్చీలో పెట్టాడు.

"నీకు ఎప్పట్నించి తెలుసు?"

"కీచురాళ్ళ సంగతి నిరుటి నుంచి తెలుసు. మిగతాది నిన్ననే."

"సెప్పకపోయినావేటి?"

"నొచ్చుకుంటావని."

ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే ఆమె మార్చి కాగితం సంగతి కూడా చెప్పేది. సుభాషిణి ముసాయిదాను అడ్డంగా కొట్టేసి, దాని వెనక వైపు కొత్తగా రాయడం మొదలుపెట్టింది. తేట నిలిపివేత. పద్దెనిమిది గంటలు యథాతథం. పైలట్ తప్పు లేదు. డాక్టర్ హైమవతి మీద చర్యకు సిఫారసు. ఆ చివరి వాక్యం రాసేటప్పుడు ఆవిడ తలెత్తి చూసింది. హైమవతి రాయండి అన్నట్టు తల ఊపింది.

రెండు రోజులు తవిటయ్య తన గదిలోంచి బయటికి రాలేదు. కంచం లోపలికి వెళ్ళినట్టే తిరిగి వచ్చేది. మూడో రోజు సాయంత్రం, పెరట్లో మోత మొదలయ్యే వేళకు, ఆవనూనె గిన్నె పట్టుకుని అల్లుడి మంచం దగ్గరికి వచ్చాడు. హైమవతి అప్పుడే సూది తుడిచి డబ్బాలో పెడుతోంది. గీత ఎక్కడిదక్కడే ఉంది.

ఆయన ఆమెకు వీపు పెట్టి మంచం చివర కూర్చున్నాడు. దుప్పటి పక్కకు తీసి, నూనె అరచేతుల్లో రుద్దుకుని, జోగినాథ్ కాలు ఒకటి ఒళ్ళోకి తీసుకున్నాడు. వేళ్ళ సందుల నుంచి మడమ దాకా నొక్కుతూ పోయాడు. మంచం మీద చదునుగా పడుకున్న జోగినాథ్‌కు పైకప్పు తప్ప ఏమీ కనిపించదు. తల కొంచెం పక్కకు తిప్పితే గుమ్మం దగ్గర నిలబడిన హైమవతి కనిపిస్తుంది.

"బాబూ" అన్నాడు తవిటయ్య, తల ఎత్తకుండా. "తెలుస్తందా?"

హైమవతి డబ్బా మూత పెట్టబోయి ఆగింది. పదిహేడు రోజులుగా ఆ ప్రశ్న తనే అడుగుతోంది, అతను ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

"తెలుస్తోంది మావయ్యా" అన్నాడు జోగినాథ్. మామగారికి వినపడేలా గట్టిగా అన్నాడు.

తవిటయ్య చేతులు ఆగాయి. ఆయన వీపు కదలకుండా అయిపోయింది. జలాంతర్గామిలో దూరపు చప్పుడొకటి అందినప్పుడు అలాగే బిగుసుకునేవాడేమో.

"ఏ కాలు?"

జోగినాథ్ తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. నీళ్ళ కింద మాటలు ఉండవు, అన్నీ చేతులతోనే చెప్పుకుంటారు. పెళ్ళయిన కొత్తలో రుషికొండ దగ్గర ఆమెకు దూకడం నేర్పిస్తూ ఆ సైగలన్నీ అతనే నేర్పాడు. పైకి, కిందికి, ఆగు, గాలి అయిపోతోంది, కుడి, ఎడమ.

నాన్న నొచ్చుకుంటాడని ఇలాంటి ఒక్క నిజం దాచినందుకే అతను మంచం పట్టాడు. అది ఆమెకు తెలుసు. ఈ మాట నమ్ముకుని ఎవరూ ఎగరబోరని కూడా తెలుసు. హైమవతి సూది డబ్బాను కుడిచేతిలోకి మార్చుకుని, ఎడమచేయి పైకెత్తి పక్కకు చూపించింది.

"ఎడమది" అన్నాడు జోగినాథ్.

తవిటయ్య మళ్ళీ నూనె అద్దుకుని నొక్కడం మొదలుపెట్టాడు. హైమవతి చేయి దించుకుంది. మొహం తడిగా ఉందేమిటా అని తుడుచుకుని చూసుకుంది.